శాండో పుస్తకమూ, బకెట్టెడు నీళ్ళూ

మా కాలేజీలో బి.ఎస్‌సి. మొదటి సంవత్సరం చదువుతున్న విద్యార్థి ఒకడు ఈ మధ్య ప్రయోగశాలలో పని ముగిసిన తరువాత నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. బక్కపలచని పిల్లవాడు, 50 కిలోల తూకం ఉంటాడు. "మూడు నెలలయింది సార్, రోజూ చేస్తున్నాను. ఏమీ మారలేదు" అన్నాడు. ఏమిటి చేస్తున్నావని అడిగితే సెల్‌ఫోను తీసి ఒక పాత ఇంగ్లీషు పుస్తకం చూపించాడు. అది యూజెన్ శాండో అనే మల్లుడు 1897లో లండనులో ప్రకటించిన "స్ట్రెంగ్త్ అండ్ హౌ టు అబ్‌టైన్ ఇట్". బలము, దానిని సంపాదించే విధము అని తెలుగు చేసుకోవచ్చును. కాపీహక్కు ఎప్పుడో తీరిపోయింది గనుక పుస్తకానికి ఖర్చు లేదు. కాని దానిలో చెప్పినట్లు చేయటానికి మెస్సుకు కట్టవలసిన డబ్బులో కొంత తీసి ఐదు పౌన్ల డంబెళ్ళ జత ఒకటి కొన్నాడు. ఫలితం కనబడకపోయేసరికి, లోపం తిండిలో ఉన్నదేమోనని ఇప్పుడు ప్రోటీన్ పొడి డబ్బా కొనే ఆలోచనలో ఉన్నాడు. రాత్రి భోజనం మానివేస్తే ఎన్నాళ్ళకు ఆ డబ్బా ఖరీదు కూడుతుందో లెక్క కూడా వేసుకొని వచ్చాడు.

ఆ లెక్క విన్నాక పుస్తకాన్ని ఆసాంతం చదవక తప్పలేదు. డబ్బు లేనివాడు ఇంటివద్దనే బలం సంపాదించుకోవటానికి ఈ పుస్తకం ఎంతవరకు పనికివస్తుంది, ఎక్కడ దారి తప్పిస్తుంది అన్నదే నేను ఇక్కడ పరిశీలించదలచిన విషయం.

శాండో పేరు మనకు కొత్తది కాదు. చేతులు లేని బనియనును మన బట్టల కొట్లలో నేటికీ శాండో బనియను అనే అడుగుతారు. 1867లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గులో పుట్టి 1925లో లండనులో చనిపోయిన ఈయన, 1889లో లండను రంగస్థలం మీద శాంప్సన్ అనే మల్లుణ్ణి ఓడించి ఒక్క రాత్రిలో ప్రసిద్ధుడయ్యాడు. 1905 ప్రాంతంలో మన దేశానికి కూడా వచ్చి ప్రదర్శనలిచ్చాడు.

పుస్తకంలో రెండు పాళ్ళున్నవి. మొదటి దానిలో వ్యాయామ విధానం, బొమ్మలు, కండరాల పటం, వయస్సు ప్రకారం ఎవరెవరు ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేయవలెనో తెలిపే పట్టికలు. రెండవది ఆయన స్వీయచరిత్ర. చిన్నప్పుడు తాను బలహీనుడుగా ఉండేవాడిననీ, తండ్రితో ఇటలీకి పోయి అక్కడి ప్రాచీన శిల్పాలను చూచి బలవంతుడు కావలెనని నిశ్చయించుకొన్నాననీ చెబుతాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సింహంతో కుస్తీపట్టిన కథ కూడా ఉన్నది. ఆ సింహానికి నోటికి చిక్కమూ, పంజాలకు తొడుగులూ వేసిన సంగతిని ఆయనే దాచకుండా చెప్పాడు. ఈ భాగాన్ని కథగా చదువుకొంటే నష్టం లేదు; రైలు ప్రయాణంలో బాగా కాలక్షేపమవుతుంది.

చిక్కంతా మొదటి భాగంలోనే ఉన్నది. అందులోని నిత్యవ్యాయామం కొద్ది పౌన్ల డంబెళ్ళతో చేయవలసినది. పుస్తకంలోని ఫోటోలలో కనబడే శరీరం మాత్రం అలా తయారయినది కాదు. శాండోకు శిక్షణ ఇచ్చిన గురువు లూయీ అటీలా. ఆయన బరువులెత్తించే పద్ధతిలో ఆరితేరినవాడు. శాండో ఒంటిచేత్తో 250 పౌన్లకు, అనగా 113 కిలోలకు, పైబడిన బరువును తల మీదికి ఎత్తేవాడు. కొద్ది పౌన్ల డంబెళ్ళు ఊపినంత మాత్రాన ఏ కండరానికీ అంత శక్తి రాదు. పాఠకుడు ఫోటో చూస్తాడు, పక్కనే ఉన్న పట్టిక చూస్తాడు, దీనివల్లనే అది వచ్చిందనుకొంటాడు. అబద్ధమేదీ చెప్పకుండానే అపోహ కలిగించటం ఇలాగే జరుగుతుంది. నేడు సెల్‌ఫోనులో కనబడే వ్యాయామ ప్రకటనలు కూడా ఈ కిటుకును వదలిపెట్టలేదు.

మరి ఆ తేలిక డంబెళ్ళకు బలం ఎక్కడినుండి వస్తుంది? సంకల్పశక్తి నుండి అంటాడు శాండో. మనస్సును కండరం మీద లగ్నం చేసి, దానిని గట్టిగా బిగించి కదిలించవలెనట. ఇందులో కొంత నిజం లేకపోలేదు. మోచేతిని ముడిచేటప్పుడు దండచేతి ముందువైపు కండరం లాగుతుంది, వెనుకవైపుది సడలుతుంది. రెంటినీ కలిపి బిగిస్తే ఒకదానికొకటి అడ్డుపడి, బయట బరువు లేకపోయినా లోపల శ్రమ కలుగుతుంది. 1920 తరువాతి దశకాలలో అమెరికాలో చార్లెస్ అట్లాస్ పోస్టు ద్వారా పాఠాలు అమ్మి లక్షలమందిని ఆకర్షించిన "డైనమిక్ టెన్షన్" పద్ధతికి కూడా మూలం ఇటువంటిదే. పైసా ఖర్చు లేనిది గనుక బీదవానికి ఇది ఎంతో నచ్చుతుంది.

దీనిలోని లోపాన్ని భౌతికశాస్త్రం చదివేవారు వెంటనే పట్టుకోగలరు. ఇందులో కొలత లేదు. నిన్న ఎంత బిగించినాడో, ఈరోజు ఎంత బిగించినాడో చెప్పగల సాధనమేదీ లేదు. అలసినరోజున తక్కువ బిగించి, నిన్నటంతే బిగించాననుకోవచ్చును. మా విద్యార్థి మూడు నెలలు చేసినది ఇదే. శాండో చెప్పినట్లు అద్దం ముందు నిలబడి, పళ్ళు బిగబట్టి, ఆ ఐదు పౌన్లనే ఎత్తుతూ దించుతూ ఉన్నాడు.

కండరం పెరగటానికి కారణమేమిటో శాండో కాలంలో స్పష్టంగా తెలియదు. నేడు చాలావరకు తెలుసు. కండరమనేది వేలకొలది తంతువుల కట్ట. వెన్నుపాములోని ఒక్కొక్క నాడీకణం కొన్ని తంతువులను తన అధీనంలో ఉంచుకొంటుంది. చిన్న నాడీకణాల చేతికింద కొద్ది తంతువులు, పెద్ద వాటి కింద ఎక్కువ తంతువులు ఉంటవి. ఎల్‌వుడ్ హెన్నెమన్ 1957లో ప్రకటించి, 1965లో తన సహచరులతో కలిసి సమగ్రంగా నిరూపించిన సూత్రం ప్రకారం, పని తేలికగా ఉన్నంతసేపు చిన్నవి మాత్రమే పూనుకొంటవి. పని బరువైనకొద్దీ క్రమంగా పెద్దవి రంగంలోకి దిగుతవి. ఊరిలో చిన్న పనికి ఇద్దరు కూలీలు చాలు, రథం కదలాలంటే ఊరంతా తాడు పట్టవలెను గదా. బలమైన పెద్ద తంతువులు పని చేయవలసిన అవసరం ఏర్పడకపోతే అవి ఎదగవలసిన అవసరమూ ఏర్పడదు.

ఐతే శాండోకు అన్యాయం చేయకూడదు. తేలిక బరువు వృథా అని ఒకప్పుడు వ్యాయామ శాస్త్రజ్ఞులు గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకం ఇప్పుడు సడలింది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 18 మంది యువకుల చేత 10 వారాలపాటు తొడ కండరాలకు వ్యాయామం చేయించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఒక్కసారి మాత్రమే ఎత్తగల గరిష్ఠ బరువులో 80 శాతాన్ని కొన్ని కాళ్ళతో, 30 శాతాన్ని కొన్ని కాళ్ళతో, ఇక కదలలేనన్నంతవరకు ఎత్తించారు. మూడేసి విడతలు చేసిన కాళ్ళలో కండరం పెరుగుదల ఇంచుమించు సమానంగానే ఉన్నది. గరిష్ఠ బరువు ఎత్తే శక్తి మాత్రం బరువైనవి ఎత్తిన కాళ్ళకే ఎక్కువగా వచ్చింది. తేలిక బరువును ఎత్తీ ఎత్తీ చిన్న తంతువులు అలసిపోయినప్పుడు, చివరకు పెద్దవి కూడా పూనుకోక తప్పదన్నమాట. కాబట్టి అసలు షరతు బరువు తేలికా, భారమా అన్నది కాదు. చివరి రెండు మూడు సార్లు నిజంగా కష్టమయ్యాయా లేదా అన్నది. శాండో పుస్తకంలో ఈ షరతు స్పష్టంగా లేదు. పట్టికలో వ్రాసిన అంకె పూర్తికాగానే పాఠకుడు సంతృప్తితో స్నానానికి పోతాడు. అది కూడా చన్నీటి స్నానమే, శాండోగారి ఆజ్ఞ!

ఇక పుస్తకంలోని గొప్పతనం చెబుతాను. విచిత్రమేమంటే అది పాఠకులెవరూ పట్టించుకోని ఆ పట్టికలలోనే ఉన్నది. ఎవరు ఎన్నిటితో మొదలుపెట్టవలెను, ఎన్ని రోజులకు ఒకటి చొప్పున పెంచవలెను అని వయస్సు వారీగా లెక్క కట్టి వ్రాయటం చాలా శాస్త్రీయమైన ఆలోచన. పనిని కొలిచి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవటమే బలానికి మార్గం. దూడను రోజూ భుజాన మోసి, అది ఎద్దయ్యేదాకా మోస్తూనే ఉన్నాడని గ్రీకులు చెప్పుకొనే మిలో కథలోని సారం ఇదే. వైద్యంలోకి దీనిని సక్రమంగా తెచ్చినవాడు థామస్ డిలోర్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడి కాళ్ళు బలహీనమైన సైనికుల చేత, సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును కనుగొని ఎత్తించాడు. శక్తి పెరిగినకొద్దీ బరువు పెంచాడు. 1945లో తన ఫలితాలు ప్రకటించాడు. 1948లో వాట్కిన్స్‌తో కలిసి ఆ పద్ధతిని మూడు విడతలకు కుదించాడు. మొదటిది ఆ బరువులో సగంతో, రెండవది ముప్పాతికతో, మూడవది పూర్తి బరువుతో. శాండో పెంచినది అంకెను, డిలోర్మ్ పెంచినది భారాన్ని. తేడా ఇంతే, కాని బలం విషయంలో ఈ తేడాయే ముఖ్యం.

ఈ తప్పు శాండో ఒక్కనిదే కాదు. మన తాలింఖానాలలో కూడా వంద దండీలు, రెండువందల బస్కీలు అని అంకెతోనే గొప్ప చెప్పుకొనే అలవాటు ఉన్నది. విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా ఉండి, తరువాత సర్కసు పెట్టి కలియుగ భీముడనిపించుకొన్న కోడి రామమూర్తినాయుడు గుండెమీద ఏనుగును నిలుపుకొన్నాడంటే, దానికి కారణం వట్టి అంకెలు కాజాలవు. పల్లెల్లో సంగిడి రాళ్ళెత్తే పడుచువాళ్ళకు ఈ రహస్యం తెలుసు. చిన్న రాయి ఎత్తగలిగినవాడు దానినే వందసార్లు ఎత్తడు, పక్కనున్న పెద్ద రాయి దగ్గరకు పోతాడు.

సరే, భారం పెంచటానికి డబ్బు ఎక్కడిది? ఇక్కడ మా విద్యార్థికి నేను డంబెళ్ళను పక్కన పెట్టించి, బరువు చూచే యంత్రం ఒకటి తెప్పించాను. దానిమీద చేతులుంచి పుషప్ భంగిమలో నిలవమన్నాను. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు తుల్యదండం పాఠం చెప్పేటప్పుడు ఈ ప్రయోగాన్ని తరగతిలోనే చేయించవచ్చును. పాదాలు ఆధారం, శరీరం దండం, చేతులమీద పడేది భారం. 2011లో ప్రకటించిన కొలతల ప్రకారం, నేలమీద మామూలు పుషప్‌లో శరీరపు బరువులో సుమారు 64 శాతం చేతులమీద పడుతుంది. మోకాళ్ళు ఆనిస్తే 49 శాతం. చేతులను సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు బల్లమీద పెడితే 41 శాతం, 30 సెంటీమీటర్ల మెట్టుమీద పెడితే 55 శాతం. అలాకాక పాదాలనే 60 సెంటీమీటర్ల ఎత్తున పెడితే 74 శాతం. 50 కిలోల మనిషికి ఇవి వరుసగా 32, 24.5, 20.5, 27.5, 37 కిలోలు అవుతవి. మా వాడు అన్నం మానుకొని కొన్న డంబెల్ బరువు 2.27 కిలోలు! ఒక బల్ల, ఒక మెట్టు, ఒక నేల ఉన్న ప్రతి ఇంటిలోనూ 20 నుండి 37 కిలోలదాకా బరువులు వరుసగా అమర్చి ఉన్నవన్నమాట. బల్లమీద పన్నెండుసార్లు సులభంగా చేయగలిగినవాడు మెట్టుమీదికి దిగవలెను; అక్కడ పన్నెండు రాగానే నేలమీదికి. బల్ల మాత్రం జారకుండా గోడకు ఆనించి ఉండాలి.

కాళ్ళ సంగతీ ఇంతే. బస్కీ తీసేటప్పుడు మోకాళ్ళ కిందిభాగం తప్ప మిగిలిన శరీరమంతా లేస్తుంది. ఆ కిందిభాగం రెండు కాళ్ళకూ కలిపి శరీరపు బరువులో సుమారు 12 శాతం. కాబట్టి 50 కిలోల మనిషి 44 కిలోలు ఎత్తుతున్నాడు, కాలికి 22 చొప్పున. ఒంటికాలిమీద అయితే ఆ ఒక్క కాలే 47 కిలోలు ఎత్తవలసి ఉంటుంది. కుర్చీమీద నుండి ఒంటికాలితో లేవటం ప్రయత్నించి చూస్తే ఈ లెక్క ఎంత నిజమో తొడలే చెబుతవి. ఇంత మంచి వ్యాయామాన్ని మన బడులలో చెవులు పట్టించి గుంజీల పేరుతో శిక్షగా మార్చారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం శారీరక శిక్షలను నిషేధించింది గాని, గుంజీళ్ళంటే పిల్లలకు పట్టిన అసహ్యం అంత త్వరగా పోయేది కాదు. వ్యాయామోపాధ్యాయులు దీనిని కొంచెం ఆలోచించాలి.

నెట్టే వ్యాయామాలకు నేల చాలును. లాగే వ్యాయామాలకు మాత్రం ఏదో ఒకటి పట్టుకోవాలి. శాండో డంబెళ్ళతో వీపు కండరాలకు తగినంత పని తగలదు. దీనికి నేను సూచించిన సాధనం నీళ్ళ బకెట్టు. లీటరు నీరు ఒక కిలో. నడుము వంచి, వీపు గూని పోనివ్వకుండా, ఎడమచేయి బల్లమీద ఆనించి, కుడిచేత్తో బకెట్టును పక్కటెముకల దాకా లాగి దించవలెను. తరువాత చేయి మార్చాలి. ఐదు లీటర్లతో మొదలుపెట్టి, పన్నెండుసార్లు రాగానే చెంబుతో అరలీటరు కలుపుకోవచ్చును. ఇంత నాజూకుగా పెంచుకోగల ఇనుప బరువులు మంచి వ్యాయామశాలలలో కూడా అరుదు. బకెట్టు నిండిన తరువాత ఇసుక ఉన్నది. ఎండు ఇసుక అదే పరిమాణం నీటికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు.

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కొక్క రోజు విరామం చాలును. శాండో ప్రతిరోజూ చేయమంటాడు. తేలిక డంబెళ్ళకది చెల్లుతుంది గాని, నిజంగా కష్టపడిన కండరానికి కోలుకొనే వ్యవధి కావాలి. ఊపిరి బిగబట్టరాదు. కీళ్ళలో పోటు వస్తే ఆపవలెను. గుండెజబ్బు వంటివి ఉన్నవారు వైద్యుని అడిగి మొదలుపెట్టాలి. బరువులెత్తితే పిల్లలు పొడుగు పెరగరన్న భయానికి ఆధారం లేదు. పెద్దల పర్యవేక్షణలో, సరైన భంగిమలో, గరిష్ఠ బరువుల పందాలకు పోకుండా చేస్తే ఉన్నత పాఠశాల పిల్లలకు కూడా ఇది మంచిదే. ఐదు నుండి 17 ఏండ్ల వారు వారానికి కనీసం మూడు రోజులు కండరాలను బలపరచే పనులు చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

అద్దం విషయంలో శాండోతో నాకు పూర్తిగా విభేదం. మొదటి కొన్ని వారాలలో వచ్చే బలం చాలావరకు నాడులు పని నేర్చుకోవటం వల్ల వస్తుంది. కండరం లావెక్కటం తరువాతి సంగతి. మోరిటానీ, డివ్రీస్ అనే శాస్త్రజ్ఞులు 1979లోనే దీనిని చూపించారు. అద్దాన్ని నమ్ముకొన్నవాడు సరిగ్గా బలం పెరుగుతున్న రోజులలోనే నిరాశపడి మానివేస్తాడు. అద్దానికి బదులు రెండు రూపాయల పెన్సిలూ, పాత నోటుబుక్కూ చాలు. తేదీ, లీటర్లు, ఎన్నిసార్లు.

చివరకు ఆ పొడి డబ్బా. తనకు ప్రత్యేకాహారమేమీ లేదనీ, రుచించినది తింటాననీ శాండో ఈ పుస్తకంలో సెలవిచ్చాడు. కొన్నేళ్ళు గడచిన తరువాత తన పేరుతో బలవర్ధకమైన కోకో పొడి అమ్మే వ్యాపారం పెట్టాడు! అది కూడా నిలవలేదు లెండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి శరీరపు బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. కండరాలు పెంచే వ్యాయామం చేసేవారికి సుమారు 1.6 గ్రాముల వరకు ప్రయోజనం కనబడుతుందనీ, ఆపైన పెద్దగా లాభం లేదనీ 2018లో అనేక పరిశోధనలను కలిపి చూచి తేల్చారు. 50 కిలోల పిల్లవానికి అది 80 గ్రాములు. నూరు గ్రాముల వేరుశనగ పప్పులో సుమారు 25 గ్రాములు, కందిపప్పులో 22, ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు ఉన్నవి. మెస్సులో వేసే అన్నం, పప్పు, మజ్జిగలలోని దానిని కూడా కలుపుకొంటే, గుప్పెడు వేరుశనగలూ, ఒకటి రెండు గుడ్లూ చేర్చటంతో ఆ అంకెకు చాలా దగ్గరకు వస్తాము. కండలు పెంచటానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని ఆ సంస్థే 2024 నాటి ఆహార మార్గదర్శకాలలో హెచ్చరించింది. రాత్రి భోజనం మాని డబ్బా కొనటమంటే, చవకగా దొరికే మాంసకృత్తులను ఖరీదైన మాంసకృత్తులకోసం అమ్ముకోవటమే. దానితోపాటు, కండరానికి పనిచేసే శక్తినిచ్చే అన్నం కూడా పోతుంది.

మా విద్యార్థి డబ్బా కొనలేదు. పాత పుస్తకం ఫోనులోనే ఉన్నది. పట్టిక మాత్రం నోటుబుక్కులోకి ఎక్కింది, శాండో గీసిన గళ్ళే, అంకెల పక్కన లీటర్లు చేరినవి. డంబెళ్ళు కూడా ఊరకపోలేదు. చేతులు నిటారుగా పక్కలకు చాపి ఎత్తేటప్పుడు భుజానికీ బరువుకూ మధ్య దూరం పెరిగి, మోచేయి ముడిచి ఎత్తేదానికన్నా బల భ్రామకం ఇంచుమించు రెట్టింపవుతుంది గనుక, భుజాల చిన్న కండరాలకు ఆ ఐదు పౌన్లు ఇంకా కొంతకాలం సరిపోతవి. మొన్న సోమవారం వచ్చి, పదమూడు లీటర్ల దగ్గర బకెట్టు పిడి ఊడిపోయిందనీ, హాస్టలు వార్డెను కోప్పడ్డాడనీ చెప్పాడు. సిమెంటు సంచీ ఒకటి తెచ్చి, రెండు పొరలుగా కుట్టించి, ఇసుక పోసుకోమన్నాను.